బైపీసీ, సీఈసీ తరువాత డిగ్రీ: జీవశాస్త్ర, వాణిజ్య కోర్సులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి కళాశాల ప్రవేశాల గదిలో నా ఎదుట కూర్చునే విద్యార్థులు, వారి వెంట వచ్చే తల్లిదండ్రులు ఏటా దాదాపు ఇవే సందేహాలు అడుగుతారు. ఒకరికి చెప్పిన జవాబు మరొకరికి చేరదు కాబట్టి, బీఎస్సీ జీవశాస్త్ర కోర్సుల గురించీ, బీకాం, బీబీఏల గురించీ పదేపదే వినిపించే ప్రశ్నలను వారి మాటల్లోనే ఇక్కడ కూర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## కోర్సు ఎంచుకునే ముందు

నీట్‌లో సీటు రాలేదు. ఇప్పుడు బీఎస్సీలో చేరితే దిగజారినట్టేనా?

కాదు. అయితే ఏడాదంతా మనసు నీట్ మీదే పెట్టుకుని, హాజరు కోసం మాత్రమే బీఎస్సీలో చేరితే రెండూ దెబ్బతింటాయి. మళ్లీ నీట్ రాయాలని గట్టిగా అనుకుంటే ఆ ఏడాదిని దానికే కేటాయించండి. డిగ్రీలో చేరితే మొదటి సెమిస్టర్ నుంచే దాన్ని మీ చదువుగా భావించండి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ వంటి పరిశోధన సంస్థల్లో పనిచేసే శాస్త్రవేత్తల్లో చాలామంది వైద్యులు కారు. బీఎస్సీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ మెట్లెక్కి అక్కడికి చేరినవారు. జీవశాస్త్రం వైద్యవిద్యకు మిగిలిపోయిన ముక్క కాదు, స్వతంత్రమైన శాస్త్రం.

బైపీసీ చదివాను. బీకాం లేదా బీబీఏలో చేరవచ్చా?

చేరవచ్చు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారికైనా ఈ రెండు కోర్సుల్లో అవకాశం ఉంటుంది. సీఈసీ, ఎంఈసీ చదివినవారు మాత్రం బీఎస్సీ జీవశాస్త్ర కోర్సులకు రాలేరు, ఎందుకంటే ఇంటర్‌లో జీవశాస్త్రం చదివి ఉండటం అక్కడ తప్పనిసరి.

బైపీసీ నుంచి వచ్చినవారికి మొదటి రెండు నెలలు అకౌంటెన్సీ కొరుకుడు పడదు. "రామయ్య దగ్గర 5,000 రూపాయల సరుకు అరువుకు కొన్నాం" అన్న ఒక్క వాక్యాన్ని తీసుకోండి. కొనుగోళ్ల ఖాతా డెబిట్, రామయ్య ఖాతా క్రెడిట్. డబ్బు చేతులు మారనే లేదు, అయినా పుస్తకంలో రెండు చోట్ల రాయాలి. ఎందుకు రెండు చోట్ల అన్నది బోధపడిన రోజున సబ్జెక్టు చేతికి వస్తుంది, అది బోధపడకుండా బట్టీపట్టినవారు కంపెనీ ఖాతాల దగ్గర ఆగిపోతారు. అందుకే తరగతులు మొదలయ్యేలోపు ఇంటర్ మొదటి సంవత్సరం కామర్స్ పుస్తకంలోని జర్నల్, లెడ్జర్, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) అధ్యాయాలు చేత్తో రాసి సాధన చేయమని చెబుతాను.

బీజెడ్‌సీ పాతబడిపోయింది, బయోటెక్నాలజీ తీసుకుంటేనే ఉద్యోగం అంటున్నారు. నిజమేనా?

ఇది సగం నిజం, ఆ సగమే ఎక్కువమందిని తప్పుదారి పట్టిస్తోంది. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ ప్రయోగశాల మీద ఆధారపడిన సబ్జెక్టులు. ఆటోక్లేవ్, లామినార్ ఎయిర్‌ఫ్లో, ఇంక్యుబేటర్, పీసీఆర్ యంత్రం లేని కళాశాలలో వాటిని చదవడమంటే ఈత గురించి పుస్తకంలో చదవడమే. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసిన బీజెడ్‌సీకి మంచి సూక్ష్మదర్శినులు, నమూనాలు, పొలానికో చెరువుకో తీసుకెళ్లే అధ్యాపకుడు ఉంటే చాలావరకు సరిపోతుంది.

పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయులు కావాలనుకునేవారికి బోటనీ, జువాలజీ రెండూ ఉన్న కాంబినేషనే క్షేమం. ఔషధ, టీకా పరిశ్రమల వైపు చూసేవారికి మైక్రోబయాలజీ లేదా బయోటెక్నాలజీతో పాటు రసాయనశాస్త్రం ఉంటే బాగుంటుంది. రసాయనశాస్త్రాన్ని వదులుకునే కాంబినేషన్లను ఎంచుకునే ముందు మాత్రం రెండుసార్లు ఆలోచించండి. నాణ్యత పరీక్షల విభాగాల్లో పని చాలావరకు దాని మీదే నడుస్తుంది.

బీకాం జనరల్, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్, బీబీఏ: వీటి మధ్య తేడా ఏమిటి?

బీకాం జనరల్‌లో అకౌంటింగ్, పన్నులు, వ్యాపార చట్టాలు, కాస్టింగ్, ఆడిటింగ్ లోతుగా ఉంటాయి. కంప్యూటర్ అప్లికేషన్స్‌లో ఇవే ప్రధానం, కొన్ని పేపర్ల స్థానంలో డేటాబేస్, ప్రోగ్రామింగ్, వెబ్ వంటివి వస్తాయి. బీబీఏలో మార్కెటింగ్, మానవ వనరులు, సంస్థాగత ప్రవర్తన, కార్యకలాపాల నిర్వహణకు చోటెక్కువ, అకౌంటింగ్ తక్కువ. సీఏ, సీఎంఏ వంటి అకౌంటింగ్ వృత్తి కోర్సుల ఆలోచన ఉన్నవారికి బీకాం అనువు. నలుగురితో మాట్లాడి పని నడిపించే స్వభావం ఉండి, తరువాత ఎంబీఏ చేయాలనుకునేవారికి బీబీఏ నప్పుతుంది. 2024-25 నుంచి బీబీఏ కోర్సులు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) పరిధిలోకి వచ్చాయి కాబట్టి, చేరబోయే కళాశాలకు ఆ అనుమతి ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

నాకు జీవశాస్త్రమూ ఇష్టమే, వ్యాపారమూ ఇష్టమే. రెండూ కలిపి చదివే దారి లేదా?

ఉంది. ఈ ప్రశ్న అడిగే విద్యార్థిని చూస్తే నాకు నిజంగా సంతోషం కలుగుతుంది, ఎందుకంటే మన తెలుగు నేల మీద ఈ రెండు విద్యలూ కలిసే చోట్లు చాలా ఉన్నాయి. భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్యల చెరువునే చూడండి. రైతు పంటకాలంలో 1,500 కిలోల మేత వేసి 1,000 కిలోల రొయ్యలు పట్టాడనుకుందాం. మేతను దిగుబడితో భాగిస్తే 1.5 వస్తుంది. దీన్నే అక్కడివారు ఎఫ్‌సీఆర్ అంటారు. నీటిలో ఆక్సిజన్ తగ్గినా, వైట్ స్పాట్ వైరస్ సోకినా ఆ అంకె పెరుగుతుంది, అంకె పెరిగితే ఖర్చు పెరుగుతుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే కౌంట్‌ను బట్టి ధర పలుకుతుంది. చెరువులో జీవక్రియ, పుస్తకంలో లెక్క ఒకే అంకెలో కనిపించే సందర్భమిది. విత్తన సంస్థలు, పాడి కేంద్రాలు, హైదరాబాద్ జినోమ్ వ్యాలీలోని టీకా సంస్థలు కూడా ఇలాంటివే.

చదువు పరంగా మూడు దారులున్నాయి. బీఎస్సీ చేసి ఐసెట్ ద్వారా ఎంబీఏకు వెళ్లడం అందరికీ తెలిసినది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ప్రవేశపెట్టిన మేజర్-మైనర్ విధానంలో, కళాశాల అందించే జాబితాను బట్టి, ఒక శాస్త్రాన్ని మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా), మరో విభాగపు సబ్జెక్టును మైనర్‌గా (ఉప సబ్జెక్టుగా) తీసుకోవడం రెండోది. ఆక్వాకల్చర్, సెరికల్చర్, ఫుడ్ సైన్స్ వంటి అనువర్తిత సబ్జెక్టులున్న బీఎస్సీలో చేరడం మూడోది. తీరప్రాంతపు విద్యార్థులకు ఈ మూడోదాన్నే ముందుగా పరిశీలించమని చెబుతాను.

ఊరి దగ్గర ప్రభుత్వ కళాశాల మంచిదా, హైదరాబాద్‌లో ప్రైవేటు కళాశాల మంచిదా?

ఊరిని బట్టి తీర్పు చెప్పలేము. ఒక పూట తీరిక చేసుకుని కళాశాలకు వెళ్లి, రెండో సంవత్సరం విద్యార్థుల ప్రాక్టికల్ రికార్డు చూపించమని అడగండి. బొమ్మలన్నీ ఒకే పుస్తకం నుంచి దించినట్టు ఉంటే అక్కడ ప్రయోగాలు జరగడం లేదన్నమాట. కొట్టివేతలు, తప్పు రీడింగులు, అధ్యాపకుడి ఎర్ర సిరా దిద్దుబాట్లు ఉంటే నమ్మకంగా చేరవచ్చు. వాణిజ్య కోర్సులకైతే కంప్యూటర్ ల్యాబ్ తెరిచి ఉందా, ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్ మీద విద్యార్థులే పనిచేస్తున్నారా అన్నది చూడండి. చాలా ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో అర్హత గల శాశ్వత అధ్యాపకులు ఉన్నారు, ఫీజు స్వల్పం. కేవలం పేరు మెరుపు చూసి వాటిని పక్కన పెట్టడం నష్టమే.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివాను. డిగ్రీ ఇంగ్లిష్‌లో అందుకోగలనా?

అందుకోగలరు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ బోధన ఇంగ్లిష్ మాధ్యమానికి మారింది. తెలంగాణలో కొన్ని కళాశాలల్లో తెలుగు మాధ్యమం ఉంది, కానీ బయోటెక్నాలజీ, బీబీఏ వంటివి ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి.

తెలుగులో చదివిన జ్ఞానం వృథా పోదు. "కిరణజన్య సంయోగక్రియ" అన్న మాటలోనే కిరణాల వల్ల పుట్టే కలయిక అన్న అర్థం ఉంది. ఆ భావం తెలిసినవారికి ఫోటోసింథసిస్ అన్న పేరు గుర్తుపెట్టుకోవడం ఒక పూట పని. "తరుగుదల" అంటే ఏమిటో తెలిసినవారికి డిప్రిసియేషన్ లెక్క కొత్తగా ఉండదు. ఒక నోటుపుస్తకంలో మూడు నిలువు గీతలు గీసి, తెలుగు మాట, ఇంగ్లిష్ మాట, దానితో మీరే రాసిన ఒక వాక్యం రోజుకు పది చొప్పున రాయండి. మొదటి సెమిస్టర్ ముగిసేసరికి ఆ పుస్తకంలో ఆరేడు వందల మాటలు చేరతాయి, పాఠం వినేటప్పుడు తడుముకోవడం తగ్గుతుంది.

డిగ్రీ మూడేళ్లా, నాలుగేళ్లా?

రెండూ ఉన్నాయి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం 120 క్రెడిట్లతో (పూర్తిచేసిన పేపర్లకు లభించే పాయింట్లతో) మూడేళ్ల డిగ్రీ, 160 క్రెడిట్లతో నాలుగేళ్ల ఆనర్స్ లభిస్తాయి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకు మించి మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాదిలో పరిశోధనతో కూడిన ఆనర్స్ ఎంచుకోవచ్చు. మూడేళ్లకే ముగించి ఎమ్మెస్సీ, ఎంకాం, ఎంబీఏలకు వెళ్లడానికి ఎలాంటి అడ్డంకీ లేదు. పరిశోధన మీద ఆసక్తి ఉన్నవారికి నాలుగో ఏడాది ఉపయోగం. కుటుంబానికి త్వరగా ఆసరా కావలసినవారు మూడేళ్లకు ఆగినందుకు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

## దరఖాస్తు, ప్రవేశం

దరఖాస్తు ఎక్కడ చేయాలి?

తెలంగాణలో ఉస్మానియా, కాకతీయ, శాతవాహన, పాలమూరు, మహాత్మాగాంధీ, తెలంగాణ విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలకు 2016 నుంచి దోస్త్ అనే ఒకే ఆన్‌లైన్ వేదిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆధ్వర్యంలో ఓఏఎండీసీ పేరుతో ప్రవేశాలు జరుగుతాయి. కొన్ని స్వయంప్రతిపత్తి, మైనారిటీ కళాశాలలు సొంతంగా దరఖాస్తులు తీసుకుంటాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి.

దోస్త్ రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోయింది. ఏం చేయాలి?

చాలాసార్లు కారణం ఒక్కటే: విద్యార్థి ఆధార్‌కు మొబైల్ నంబరు అనుసంధానం కాకపోవడం, లేదా ఎప్పుడో మూలనపడ్డ పాత నంబరు ఉండిపోవడం. ఫలితాలు రాకముందే ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు సరిచేయించుకోండి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోలుతున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. చివరి రోజు సాయంత్రం ఈ పని మీద పరుగెత్తే పిల్లల ముఖాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

వెబ్ ఆప్షన్లు ఎన్ని ఇవ్వాలి, ఏ వరుసలో ఇవ్వాలి?

మీకు నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో దాన్ని మొదట పెట్టండి. "ఇది ఎలాగూ రాదు" అనుకుని మంచి కళాశాలను కిందికి నెట్టడం వల్ల ప్రయోజనం ఉండదు, ఎందుకంటే కేటాయింపు పైనుంచి కిందికి జరుగుతుంది. పై ఆప్షన్ రాకపోతే తరువాతిది చూస్తారు. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్, మీరిచ్చిన వరుస కలిసి సీటును నిర్ణయిస్తాయి. వెళ్లడానికి ఇష్టంలేని కళాశాలను జాబితా నింపడం కోసం చేర్చకండి. సీటు వచ్చాక గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే, అంటే సీటు తీసుకుంటున్నట్టు ఆన్‌లైన్‌లో తెలపకపోతే, అది రద్దవుతుంది.

సప్లిమెంటరీలో పాసయ్యాను. సీటు దొరుకుతుందా?

దొరుకుతుంది. ప్రవేశాలు పలు విడతల్లో జరుగుతాయి, సప్లిమెంటరీ ఫలితాల తరువాత కూడా విడత ఉంటుంది. పేరున్న కళాశాలల్లో సీట్లు అప్పటికే నిండిపోవచ్చు కాబట్టి ఆప్షన్లు కాస్త విస్తృతంగా ఇవ్వండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని కళాశాలవారు చెబుతున్నారు. నమ్మి చేరవచ్చా?

పథకం ఉన్నది నిజం, అయితే అది అర్హతను బట్టి వస్తుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవ లేదా సచివాలయం నుంచి ముందే తీసుకోండి. ఆదాయ పరిమితి, 75 శాతం హాజరు నిబంధనలను చూసుకోండి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైనప్పుడు ఎవరు కట్టాలన్న విషయం కళాశాలతో చేరే రోజే కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద చేరి, చివరి ఏడాది మెమోల కోసం తిరిగిన కుటుంబాలను నేను చూశాను.

బీఎస్సీ అగ్రికల్చర్ కూడా దోస్త్, ఓఏఎండీసీ ప్రవేశాల్లోనే వస్తుందా?

రాదు. వ్యవసాయ, ఉద్యాన కోర్సులకు ఈఏపీసెట్‌లోని వ్యవసాయ విభాగం రాయాలి. సీట్లను ఆచార్య ఎన్.జి. రంగా, ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాల వంటివి విడిగా కౌన్సెలింగ్ జరిపి భర్తీ చేస్తాయి.

## తరగతి గదిలో, ప్రయోగశాలలో

జువాలజీ తీసుకుంటే కప్పల్ని కోయాలా? నాకు భయం.

అక్కర్లేదు. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జంతుశాస్త్ర ప్రయోగశాలల్లో జంతువులను కోయడాన్ని నిలిపివేయమంది. ఇప్పుడు నమూనాలు, స్లైడ్లు, చార్టులు, కంప్యూటర్ చిత్రణలతో నేర్పుతారు.

బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో అసలు ఏం చేస్తారు?

ఒక్క ప్రయోగం చెబుతాను. గాజు గ్లాసులో నీళ్లు పోసి, అడుగు మాత్రమే తడిసేలా ఉల్లిగడ్డను మూతి మీద నిలబెడతారు. రెండు మూడు రోజుల్లో తెల్లని వేళ్లు దిగుతాయి. ఆ వేరు కొసను కత్తిరించి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మెత్తబరచి, ఎసిటోకార్మైన్ రంగు అద్ది, కవర్‌స్లిప్ పెట్టి బొటనవేలితో నెమ్మదిగా అదుముతారు. ఎక్కువ అదిమితే కణాలు చెదిరిపోతాయి, తక్కువైతే ఒకదానిపై ఒకటి పేరుకుపోతాయి. సరిగ్గా కుదిరితే సూక్ష్మదర్శినిలో విభజన చెందుతున్న కణం మధ్యలో ఎర్రగా బారులు తీరిన క్రోమోజోములు కనిపిస్తాయి. ఉల్లిలో అవి 16. మొదటి ప్రయత్నంలో కుదిరేవారు అరుదు. మూడో నాలుగో స్లైడుకు కనిపించినప్పుడు, ల్యాబ్‌లో ఆ మూల నుంచి వచ్చే కేక విని మిగతావారంతా అక్కడికి చేరతారు. సాయంత్రం ట్యూషన్ ఉందని ఆ రెండు గంటలు ఎగ్గొట్టేవారు బీఎస్సీలో అసలైన భాగాన్ని పోగొట్టుకుంటున్నారు.

బీకాంలో ప్రాక్టికల్స్ ఉంటాయా?

కంప్యూటర్ పేపర్లకు ఉంటాయి, మిగతావి మీరే సమకూర్చుకోవాలి. 2017 జులై 1 నుంచి జీఎస్టీ అమల్లోకి వచ్చాక చిన్న దుకాణాల్లో కూడా బిల్లులు, రిటర్నులు, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నును మినహాయించుకోవడం) తెలిసినవారి అవసరం పెరిగింది. తెలిసిన కిరాణా లేదా మందుల దుకాణం యజమానిని అడిగి, ఒక నెల బిల్లులను ట్యాలీలో ఎక్కించి చూడండి. కొనుగోళ్లపై కట్టిన పన్ను, అమ్మకాలపై వసూలు చేసిన పన్ను ఎదురెదురుగా నిలబడినప్పుడు, తరగతిలో చెప్పిన పాఠానికి ప్రాణం వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అంటున్నారు. ఎలా చేయాలి?

2020-21లో మార్చిన పాఠ్యప్రణాళికలో మొదటి ఏడాది తరువాత సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తరువాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టర్ పాటు ఇంటర్న్‌షిప్ చేర్చారు. డబ్బు కట్టి సర్టిఫికెట్ కొనుక్కునే పద్ధతిని దయచేసి దగ్గరికి రానివ్వకండి. జీవశాస్త్ర విద్యార్థులు రొయ్యల హేచరీ, నేల పరీక్షా కేంద్రం, ఆసుపత్రి ల్యాబ్, పాల శీతలీకరణ కేంద్రాల్లోనూ, వాణిజ్య విద్యార్థులు ఆడిటర్ కార్యాలయం, సహకార సంఘం, వ్యవసాయ మార్కెట్ యార్డుల్లోనూ అవకాశం అడగవచ్చు. ప్రిన్సిపాల్ ఉత్తరం పట్టుకుని స్వయంగా వెళితే చాలాచోట్ల కాదనరు.

ఒక సబ్జెక్టు పోయింది. ఏడాది పోయినట్టేనా?

కాదు. సెమిస్టర్ విధానంలో తప్పిన పేపర్‌ను తరువాత మళ్లీ రాయవచ్చు. అయితే పై సంవత్సరానికి వెళ్లడానికి కావలసిన కనీస క్రెడిట్ల నిబంధన విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది; పరీక్షల విభాగంలో అడిగి రాసిపెట్టుకోండి. బ్యాక్‌లాగ్‌లను చివరి ఏడాదికి కుప్పపోయకండి.

## డిగ్రీ తరువాత

ఒక్క బీఎస్సీతో ఉద్యోగం వస్తుందా?

వస్తుంది, కానీ మొదట్లో జీతం తక్కువగా ఉంటుందన్న నిజాన్ని దాచను. ఔషధ, ఆహార పరిశ్రమల్లో ఉత్పత్తి, నాణ్యత పరీక్షల విభాగాల్లో ట్రైనీలుగా, మెడికల్ కోడింగ్‌లో (వైద్య రికార్డులను సంకేతాలుగా మార్చే పనిలో), మెడికల్ రిప్రజెంటేటివ్‌లుగా తీసుకుంటారు. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అర్హతల్లో బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఉన్నాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు. బోధన కోసం ఎడ్‌సెట్ రాసి బీఈడీ చేయాలి.

ఎమ్మెస్సీ, పరిశోధన వైపు వెళ్లాలంటే ఏ పరీక్షలు రాయాలి?

తెలంగాణ విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌కు పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్, బయోటెక్నాలజీ ప్రత్యేక కోర్సులకు గాట్-బి. ఆపైన పరిశోధన ఫెలోషిప్ కోసం సీఎస్ఐఆర్-యూజీసీ నెట్. రెండో ఏడాది నుంచే జామ్ పాత ప్రశ్నపత్రాలు చూడటం మొదలుపెడితే, మన పాఠ్యపుస్తకం ఎక్కడ ఆగిందో, ఇంకెంత చదవాలో తేటతెల్లమవుతుంది.

బీకాంతో పాటే సీఏ చదవవచ్చా? బీఎస్సీ చదివినవారు సీఏ చేయగలరా?

రెండింటికీ అవుననే జవాబు. ఇంటర్ తరువాత సీఏ ఫౌండేషన్‌లో అకౌంటింగ్, వ్యాపార చట్టాలు, గణితం-గణాంకాలతో కూడిన క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, వ్యాపార అర్థశాస్త్రం అనే నాలుగు పేపర్లు ఉంటాయి. ఒక్కో పేపర్లో 40 శాతం, మొత్తంగా 50 శాతం రావాలి. డిగ్రీ చదువుతూ దీన్ని రాయవచ్చు, కానీ కళాశాల హాజరు, సీఏ తరగతులు, తరువాత వచ్చే ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే పని శిక్షణ) సమయాలు ఢీకొనకుండా ముందే చూసుకోవాలి.

ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ రెండో దశ అయిన సీఏ ఇంటర్మీడియట్‌లో నమోదయ్యే దారి కూడా ఉంది. వాణిజ్య పట్టభద్రులకు 55 శాతం, ఇతర పట్టభద్రులకు 60 శాతం మార్కులు కావాలి. అంటే బీజెడ్‌సీలో 60 శాతం తెచ్చుకున్న విద్యార్థిని కూడా సీఏ ఇంటర్మీడియట్‌కు దరఖాస్తు చేయవచ్చు. అకౌంటింగ్ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది కాబట్టి, అలా వెళ్లేవారు నమోదుకు ముందు కనీసం ఆరు నెలలు దానికే కేటాయించుకోవాలి.